మూడొందల ఓముల ముచ్చట

ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల జనం పడుతున్న ఒక ఘోరమైన కష్టం మీద ఇంతవరకు ఏ పార్టీ ధర్నా చేయలేదు. సోమవారం సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో దీని మీద ఒక్క అర్జీ పడిన దాఖలా లేదు. మూడొందల ఓముల (కరెంటుకు హెడ్‌ఫోన్ పెట్టే అడ్డును ఓముల్లో కొలుస్తారు) హెడ్‌ఫోన్ కొనుక్కొచ్చి, ఫోనుకు తగిలించి, "బేస్ వస్తలేదే" అని తల పట్టుకుని కూర్చున్న పిల్లల గురించే నేను చెబుతున్నది. అప్పు చేసి కొన్న సామాను. ఇంట్లో చెప్పిన ధర ఒకటి, కట్టిన ధర ఇంకొకటి. ఇప్పుడు దీనికి తగ్గ యాంప్లిఫయర్ కూడా కావాలని చెప్పడానికి నోరెట్లా వస్తుంది? ఈ గుట్టు దుఃఖాన్ని బజార్లో పెట్టడం బాధ్యత గల పౌరుడిగా నాకు తప్పడం లేదు.

ఈ లోకంలో ఒక శాస్త్రం ఉంది. ఏ హెడ్‌ఫోన్‌కు ఏ యాంపు, ఆ జోడీ మీద ఏ సంగీతం అన్నది పండితులు అందులో ఎప్పుడో తేల్చిపెట్టారు. బ్రూక్లిన్‌లో తయారయ్యే గ్రాడో మీద రాక్ వినాలి. సెన్‌హైజర్ హెచ్‌డీ 650 మీద జాజ్, ఆడగొంతులు వినాలి, దానికి వాల్వు (పాత రేడియోల్లో వెలిగే గాజు గొట్టం) యాంపు తగిలించాలి. హెచ్‌డీ 800 అయితే వందమంది వాయించే సింఫనీ. జపాన్ స్టాక్స్ అయితే తీగ వాయిద్యాలు. తప్పితే ఏమవుతుంది అంటారా? ఏమీ కాదు, పాట వినిపిస్తుంది. పండితుడు మనల్ని చూసే చూపు మాత్రం మారుతుంది.

హెచ్‌డీ 650 మార్కెట్లోకి వచ్చింది 2003లో. దాని ధ్వని మీద ఒక "పరదా" కప్పి ఉందని ఒక వర్గం, లేదని ఇంకో వర్గం అప్పటినుంచి కొట్లాడుకుంటున్నాయి. ఈలోపు తెలంగాణ వచ్చింది. పది జిల్లాలు ముప్పై మూడయ్యాయి. నల్లగొండ మూడు ముక్కలైంది, మహబూబ్‌నగర్ ఐదు ముక్కలైంది. పరదా పంచాయితీ మాత్రం తెగలేదు.

శాస్త్రానికి శిఖరం ఏదంటే అదే సెన్‌హైజర్ వాళ్ల హెచ్‌ఈ 1. 2015లో ప్రకటించినప్పుడు ధర 50 వేల యూరోల దరిదాపుల్లో చెప్పారు. యాంపు పెట్టె అంతా ఇటలీలోని కరారా గనుల పాలరాయి. మీట నొక్కితే ఆ రాతిలోంచి ఎనిమిది వాల్వులు మెల్లమెల్లగా పైకి లేస్తాయి. పాలరాయి వల్ల ధ్వని బాగుపడేటట్టయితే షాబాదు బండ వల్ల ఎంత బాగుపడుతుందో పాలమూరు యూనివర్సిటీ అయినా, నల్లగొండ మహాత్మాగాంధీ యూనివర్సిటీ అయినా తేల్చాలి. రాయి మనకు అగ్గువకు దొరుకుతుంది. వాల్వులు లేవకపోతే మనమే చేత్తో లేపుకోవచ్చు.

పండితులు ఎంత దాచినా ఇందులోని లెక్క మూడు అంకెలే. దేవరకొండ దిక్కు బోరు వేయించిన ఏ రైతుకైనా చాయ్ చల్లారేలోపు అర్థమవుతుంది. ఆరొందల అడుగుల బోరులో మూడు హెచ్‌పీ మోటారు దింపి, నీళ్లు రాలేదని మోటారు కంపెనీని తిట్టే రైతు ఎవరూ లేరు. లోతెంత, నీళ్లు ఎన్ని ఇంచులు, మోటారుకు స్టేజీలెన్ని అని అడిగిగానీ ఆయన జేబులోంచి డబ్బు తీయడు. హెడ్‌ఫోన్ కొనేవాడు ఇవేవీ అడగడు. "సౌండ్‌స్టేజీ విశాలంగా ఉంటదా అన్నా?" అని అడుగుతాడు, అంటే వాయిద్యాలు చుట్టూ పరుచుకున్నట్టు వినిపిస్తాయా అని.

లోతు అంటే ఇక్కడ సెన్సిటివిటీ. ఒక్క మిల్లీవాటు ఇస్తే ఎన్ని డెసిబెల్స్ పలుకుతుందన్న లెక్క. హైఫైమాన్ సుస్వర అని ఒకటుంది. పేరు విని మన సంగీత కళాశాల సరుకనుకోకండి, చైనా కంపెనీది. అది 83 డెసిబెల్స్ దగ్గర పలుకుతుంది. మామూలు హెడ్‌ఫోన్ 100 దగ్గర పలుకుతుందనుకుందాం. మూడు డెసిబెల్స్ పెరగాలంటే పవర్ రెండింతలు కావాలి కాబట్టి, ఈ 17 డెసిబెల్స్ తేడా పూడ్చడానికి సుమారు 50 రెట్లు పొయ్యాలి. డప్పు దెబ్బ లాంటిది 110 డెసిబెల్స్‌కు ఎగరాలంటే సుస్వరకు అర వాటు, అంటే ఐదున్నర వోల్టులు అందాలి. ఫోనుకు పెట్టే చిన్న డాంగిల్ మామూలుగా ఇచ్చేది ఒక వోల్టు దరిదాపుల్లో. ఇది చాలదని చెప్పడానికి పండితుడు అక్కర్లేదు, కూడికలు తీసివేతలు వస్తే చాలు.

రెండో అంకె ఇంపీడెన్స్, అంటే ముందు చెప్పిన ఓముల అడ్డు. ఓములు ఎక్కువుంటే వోల్టులు అడుగుతుంది, తక్కువుంటే కరెంటు అడుగుతుంది. డీటీ 990 అనే ఒకే మోడల్‌ను బేయర్‌డైనమిక్ వాళ్లు 32 ఓములకు, 250కి, 600కి వేరువేరుగా చేశారు. అందులో 600 ఓములది కొనుక్కొచ్చి ఫోనుకు పెట్టుకున్నవాళ్లు కూడా మన మధ్యే తిరుగుతున్నారు. వాళ్లతో కాస్త మర్యాదగా మాట్లాడండి.

అసలు మాయంతా మూడో అంకెలో ఉంది. యాంపు అవుట్‌పుట్ ఇంపీడెన్స్, అంటే యాంపు తనవైపునుంచి పెట్టే అడ్డు, హెడ్‌ఫోన్ ఓముల్లో ఎనిమిదో వంతు దాటకూడదన్నది పాత నియమం. అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని వాల్వు యాంపులు ఈ నియమాన్ని ఖాతరు చేయవు. కొన్నింటికి ఆ అడ్డు 100 ఓముల దాకా ఉంటుంది. అటు చూస్తే హెచ్‌డీ 600, 650 రకాలు పేరుకు 300 ఓములే గానీ, బేస్ ఉండే 100 హెర్ట్జ్ చుట్టుపక్కల 500 దాకా లేస్తాయి. రెండింటినీ కలిపితే ఆ లేచిన చోట వోల్టేజీ కొంచెం ఎక్కువ దక్కుతుంది. లెక్క వేస్తే బేస్ సుమారు ఒక డెసిబెల్ పెరుగుతుంది. ఈ ఒక్క డెసిబెల్‌కే పండితులు వెచ్చదనమని, నిండుతనమని, తేనె అని పేర్లు పెట్టారు. ఫోనులో ఈక్వలైజర్ తెరిచి ఒక గీతను వేలితో పైకి జరిపితే అదే డెసిబెల్ పైసా ఖర్చు లేకుండా వస్తుంది. కాకపోతే అందులో ఎర్రగా వెలిగే వాల్వు లేదు, చీకట్లో ఫొటో తీసి స్టేటస్ పెట్టుకోవడానికి వీలు లేదు. చదునైన పల్చటి పొరతో పలికే ప్లేనార్ హెడ్‌ఫోన్లకైతే ఓములు అడుగునుంచి పైదాకా ఒకేలా ఉంటాయి కాబట్టి వాటికి ఈ తేనె కూడా దక్కదు. అయినా వాల్వు యాంపుకు తగిలించి "తేనె వస్తుంది" అనేవాళ్లున్నారు. నమ్మకానికి ఇంపీడెన్స్ లేదు.

ఈ శాస్త్రంలో నిజమైన డాక్టరేటు ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే టెంట్‌హౌసు పెట్టుకుని మైకుసెట్టు నడిపే పెద్దమనుషులకు ఇవ్వాలి. మా దిక్కు ఒకాయన ఉన్నాడు. వాల్వు యాంపులో ఏదో తీగ ఊడిందని కాలనీ పిల్లవాడొకడు సోల్డరింగ్ కోసం ఆయన దగ్గరికి పోయాడు.

"ఎన్ని ఓములు బిడ్డా?"

"మూడొందలు కాకా."

"మూడొందలా? మా హారనే పదారు. మరి వాట్లెన్ని?"

"వాట్లు కాదు కాకా, మిల్లీవాట్లు."

ఆయన పెట్టెను రెండు చేతులతో లేపి బరువు చూశాడు. కింద పెట్టాడు. "మిల్లీవాట్లకు గింత పెట్టె ఎందుకురా?"

"ఇది వాల్వులది కాకా. సౌండు వెచ్చగుంటది."

"మే నెలల వెచ్చగుండుడేందిరా? మా బాపు కాలంల గూడ గివే సెట్లు. ట్రాన్సిస్టర్లు రాంగనే సంబురపడి కిలోల లెక్క అమ్మేసినం."

జాతరలో స్తంభానికో హారన్ చొప్పున అర కిలోమీటరు పొడుగునా కట్టుకుంటూ పోయేది ఈయనే. వంద వోల్టుల లైను వేసి, హారన్ హారన్‌కు మ్యాచింగ్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి, అన్నింటి వాట్లు కూడి యాంపు వాట్లు దాటకుండా చూసుకుంటాడు. ఆ లెక్క తప్పితే ఎవరి చూపూ మారదు. యాంపు కాలుతుంది, ఊరు తంతుంది.

ఇంత గొప్ప శాస్త్రంలో ఒక పెద్ద లోటు ఉండిపోయింది. జాజ్‌కు ఏది, మెటల్‌కు ఏది అని గీతలు గీసి చెప్పిన పండితులు డప్పుకు ఏదో చెప్పలేదు. ఆ పని నేను నెత్తిన వేసుకుంటున్నాను.

డప్పు మీద కుడిచేతి చిర్ర నడుమ దెబ్బ వేస్తుంది, ఎడమచేతి చిటికెన పుల్ల అంచు మీద చిటపటలాడిస్తుంది. ఈ రెండూ కలిసిపోకుండా విడివిడిగా వినబడాలంటే చురుకైన ఓపెన్‌బ్యాక్ (వెనక మూత లేని హెడ్‌ఫోన్) కావాలి. కాబట్టి సింఫనీకి రాసిపెట్టిన హెచ్‌డీ 800ను ఇవాల్టినుంచి డప్పుకు బదిలీ చేస్తున్నాను. బర్నిన్ సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. కొత్త హెడ్‌ఫోన్‌ను రెండొందల గంటలు మోగిస్తేగానీ "తెరుచుకోదు" అంటారు. డప్పును గడ్డిమంట మీద కాస్తే కొన్ని నిమిషాల్లో తెరుచుకుంటుంది. ఆ తేడా పక్క వాడలో ఉన్నవాడికి కూడా తెలుస్తుంది. హెడ్‌ఫోన్‌ను మంట మీద కాచే ప్రయోగాన్ని మాత్రం నేను సిఫారసు చేయను, వారంటీ పోతుంది.

సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి పెద్దగట్టు జాతర. "ఓ లింగా" అని జనం కేకేస్తుంటే భేరీలు మోగుతాయి. ఆ మోత తగిలేది చెవికి కాదు, పొట్టకు. చెవి మీద పెట్టుకున్న పల్చటి పొర దాన్ని పొట్టదాకా పంపలేదు. ఆడీజీ కంపెనీ ఎల్‌సీడీ రకం హెడ్‌ఫోన్లు మాత్రం కొంత ప్రయత్నం చేస్తాయి. అర కిలో దాటిన బరువు కాబట్టి ఆ భేరి మోత మెడనొప్పి రూపంలో ఒంట్లోకి దిగుతుంది.

పన్నెండు మెట్ల కిన్నెరకు హెచ్‌డీ 600 ఖాయం చేశాను. సొరకాయ బుర్రల గుంభనం, తీగ గరుకు, గొంతు అన్నీ నడిమి స్వరాల్లోనే ఉంటాయి, ఆ హెడ్‌ఫోన్ బలం కూడా అక్కడే. నాగర్‌కర్నూల్ జిల్లా కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. కానీ కిన్నెర పాటలని వెతికితే ఎక్కువగా చేతికి చిక్కేవి ఎవరో ఫోనులో తీసిన వీడియోలే. లక్షల సామాను మీద అవి పెట్టుకుంటే గాలి హోరు అద్భుతమైన విస్తీర్ణంతో వినబడుతుంది. వెనకాల మేక అరిస్తే అది ఎడమవైపు రెండు గజాల దూరంలో నిలబడిందని కళ్లు మూసుకుని చెప్పొచ్చు. సౌండ్‌స్టేజీ అంటే ఇదే.

ఒగ్గుకథ సంగతి వేరు. డోలు, తాళాలతో రాత్రి పొడుగునా సాగే కథకు ధ్వని కంటే చెవులు నొవ్వకపోవడం ముఖ్యం. గ్రాడో దూది గంటలో చెవిని గీకి పెడుతుంది. సుస్వర అయితే యాంపు వేడికి మల్లన్న పెళ్లి అయ్యేలోపే మనం లేచిపోతాం. 1984లో వచ్చిన కాస్ పోర్టా ప్రో చాలు. తేలికైంది, చవకైంది, ఏ యాంపూ అడగదు. ఈ ఒక్క సిఫారసుకే పండితసభ నన్ను వెలివేస్తుందని తెలుసు. బతుకమ్మ ఆడే చోట హెడ్‌ఫోన్ పెట్టుకుని నిలబడినవాడి విషయం మాత్రం ఆడవాళ్లే చూసుకుంటారు, నేను కలగజేసుకోను.

వాతావరణం గురించి శాస్త్రంలో ఒక్క ముక్క లేదు. క్లాస్ ఏ యాంపు పాట ఉన్నా లేకున్నా ఒకేలా కాలుతుంటుంది. జర్మనీ చలికాలానికి అది సరే, ఎండ 44 డిగ్రీలు దాటే నల్లగొండ మే నెలలో దాన్ని గదిలో పెట్టుకోవడం మీద ఫైర్‌స్టేషన్ వాళ్ల అభిప్రాయం తీసుకోవాలి. యాంపు సొంత చప్పుడు మైనస్ 120 డెసిబెల్స్, అంటే చెవికి ఆననంత తక్కువ, అని డబ్బా మీద గొప్పగా రాసుకుంటారు. నెత్తిమీద ఫ్యాను నాలుగో నంబరులో గిరగిరా కొట్టుకుంటుంది, వంటింట్లో కుక్కరు మూడో విజిల్ వేస్తుంది, సందులో "ఉల్లిగడ్డలూ" అని ఆటో మైకు అరుస్తుంది. ఓపెన్‌బ్యాక్ హెడ్‌ఫోన్ ఇవన్నీ లోపలికి రానిస్తుంది. ఫ్యాను ఆపితే ఆ మైనస్ 120ని ఆస్వాదించొచ్చు, ఆస్వాదించే మనిషి మిగలడు.

కాబట్టి మండలానికో హెడ్‌ఫోన్ మ్యాచింగ్ అధికారి పోస్టు మంజూరు చేయాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను. ఓమ్ సూత్రం రావాలి. మైకుసెట్టు అనుభవానికి అదనపు మార్కులు ఉంటాయి. ఇంటర్వ్యూలో అభ్యర్థికి నచ్చిన పాటనే, నచ్చిన సామాను మీద పెడతారు. నడుమ ఆపి కేబుల్ మార్చకుండా, యాంపు మార్చకుండా, "ఇప్పుడు విను, తేడా విను" అని పక్కవాడిని గిల్లకుండా ఆ పాటను చివరిదాకా విన్నవాడికే పోస్టింగు. పోస్టులు చాలా ఏళ్లు ఖాళీగానే ఉంటాయి. అది మన దగ్గర కొత్త కాదు, ఆర్థికశాఖ అభ్యంతరం చెప్పకపోవచ్చు.