సవరణ: బస్సు దిగడానికి 'ఫ్రమ్' అక్కర్లేదు

మొన్నటి పోస్టులో, దిగడం గురించి ఇంగ్లీషులో చెప్పేటప్పుడు 'ఆఫ్' (off) అన్నా 'అవుట్' అన్నా వెనకాల 'ఫ్రమ్' పెట్టాలని రాశాను. అది తప్పు. నిన్న ట్యూషన్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయి నోట్సులో 'ఐ గాట్ ఆఫ్ ఫ్రమ్ ద బస్ ఎట్ కాజీపేట' అని నీలం ఇంకుతో నీట్‌గా రాసి ఉంది, కొట్టేయబోతే "మీరే రాసిండ్రు గద సార్" అంది, నాకు చాలా బాధేసింది.

రెండు ఎఫ్‌లున్న ఆఫ్ ఒక్కటే చాలు: 'గెట్ ఆఫ్ ద బస్'. మనం కూడా బస్సు దిగిన అంటాం గానీ బస్సు నుంచి దిగిన అని ఎంతమంది అంటారు? ఎక్కడ దిగామో చెప్పడానికి మాత్రం 'ఎట్ కాజీపేట'.

ఆటో, కారు అయితే 'గెట్ అవుట్'. ఈ అవుట్ బయటికి అని దిక్కు మాత్రమే చెప్తుంది, దేంట్లోంచి అనేది చెప్పాలంటే ఒక్క ఎఫ్ ఉన్న ఆఫ్ రావాలి, అందుకే 'గెట్ అవుట్ ఆఫ్ ది ఆటో'. బండి పేరు ఎత్తకపోతే 'గెట్ అవుట్' దగ్గరే ఆగొచ్చు.

తిరిగి రావడం గురించి చెప్పేటప్పుడు 'గెట్ బ్యాక్ టు హన్మకొండ' కరెక్టే, ఇంటికైతే 'గెట్ బ్యాక్ హోమ్', టు ఉండదు.

'గెట్ డౌన్ ఫ్రమ్ ద బస్' మన దగ్గర అందరూ అనేదే, మాట్లాడితే అర్థమవుతుంది, కానీ పరీక్షలో 'గెట్ ఆఫ్' రాయండి. చెట్టు, నిచ్చెన దిగినప్పుడు 'గెట్ డౌన్ ఫ్రమ్' సరైనదే.

పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను. నోట్సులో ఎక్కించుకున్నవాళ్లు ఈ రాత్రికే దిద్దుకోండి.