రిసీవ్ స్పెల్లింగ్‌ను గుడిదీర్ఘం తేలుస్తుంది

మెయిల్ రాస్తుంటే ‘రిసీవ్డ్’ దగ్గరికి రాగానే వేలు ఆగుతుంది. ‘సీ’ తర్వాత ‘ఐ’ ముందా, ‘ఈ’ ముందా? ఏదో ఒకటి కొట్టేస్తాం. కింద ఎర్ర గీత పడుతుంది. తిప్పి కొడితే గీత పోతుంది. ఏళ్ల తరబడి నా పద్ధతి ఇదే. స్పెల్లింగ్ నేర్చుకున్నది లేదు, ఎర్ర గీత చెప్పినట్టు వినడమే.

నిజానికి దీనికో రూల్ ఉంది, చాలామందికి నోటికి వచ్చు కూడా. ‘ఐ’ ముందు, ‘ఈ’ వెనక; ‘సీ’ తర్వాత మాత్రం తారుమారు. ఇంగ్లిష్‌లో ప్రాస కుదిరింది కాబట్టి 19వ శతాబ్దం నుంచీ పిల్లలు వల్లె వేస్తున్నారు. బిలీవ్, చీఫ్, ఫీల్డ్‌లలో ‘ఐ’ ముందు. రిసీవ్, డిసీవ్, సీలింగ్‌లలో ‘ఈ’ ముందు. ఇంతవరకూ బాగానే ఉంది. మరి సైన్స్ సంగతేంటి? అక్కడ ‘సీ’ పక్కనే ‘ఐ’ దర్జాగా కూర్చుంది. ఏన్షియంట్, సొసైటీ, ఎఫిషియంట్‌లలోనూ అంతే. మరోపక్క వెయిట్, హైట్, ఫారిన్‌లలో ‘సీ’ ఊసే లేకుండా ‘ఈ’ ముందుకొచ్చేసింది. ఈ రూల్ నేర్పించి ప్రయోజనం లేదని 2009లో బ్రిటన్ ప్రభుత్వమే ప్రైమరీ టీచర్లకిచ్చిన మార్గదర్శకాల్లో తేల్చేసింది.

నాకు మాత్రం ఆ రూల్ మీద జాలి. తప్పు దానిది కాదు, సగమే నేర్పినవాళ్లది. ఆ రెండక్షరాలూ కలిసి స్పష్టంగా దీర్ఘం పలికితేనే ఇది వర్తిస్తుందన్నది దాని రెండో సగం. వద్దన్న ఆ మార్గదర్శకాల్లోనూ ఈ షరతు రాసే ఉంది. పాట పాడుతూ పాడుతూ జనం దాన్ని వదిలేశారు.

రాత ఒకటి, పలుకు ఒకటిగా ఉండే ఇంగ్లిష్‌లో ఈ షరతు గుర్తుపెట్టుకోవడం కష్టమేమో గానీ, తెలుగు రాసేవాళ్లకు ఇది చేతిలో పని. అనుమానం వచ్చిన మాటను తెలుగులో రాసి చూడండి. ఆ చోట గుడిదీర్ఘం పడిందా, రూల్ పనిచేస్తుంది. పడలేదా, ఆ మాటతో రూల్‌కి సంబంధమే లేదు. రిసీవ్‌లో ‘సీ’, బిలీవ్‌లో ‘లీ’, రెండూ దీర్ఘాలే. సైన్స్‌లో ఉన్నది ఐత్వం. హైట్‌లోనూ అదే. ఫ్రెండ్‌లో ఎత్వం, ఫారిన్‌లో ఉత్త గుడి. పైన మినహాయింపులని లెక్కపెట్టినవన్నీ ఇలా ఒక్క దెబ్బతో పక్కకు పోతాయి. అన్నట్టు, ఫారిన్‌లో మనకు వినబడని ‘జీ’ కూడా దొడ్డిదారిన వచ్చిందే. పాత ఫ్రెంచ్ మూలంలో అది లేదు, రాజ్యపాలన అనే అర్థమున్న ‘రెయిన్’ను చూసి తగిలించారు.

‘సీ’ తర్వాత తారుమారయ్యే మాటలు కూడా ఎన్నో లేవు. రిసీవ్, డిసీవ్, పర్సీవ్, కన్సీవ్, వీటి చుట్టాలు రిసీట్, డిసీట్, కన్సీట్, ఆపైన సీలింగ్. రోజూ తగిలేవి దాదాపు ఇవే. సీలింగ్ తప్ప మిగతావన్నీ ‘తీసుకోవడం’ అనే అర్థమున్న ఒకే లాటిన్ ధాతువు నుంచి ఫ్రెంచ్ మీదుగా వచ్చినవి. అందుకే అన్నిటికీ ఒకే ముఖం. రిసీట్‌లో పలకని ‘పీ’ ఆ లాటిన్ జ్ఞాపకంగా పండితులు తెచ్చిపెట్టిందే. డిసీట్‌కు మాత్రం ఆ భాగ్యం దక్కలేదు. ఒక తల్లి పిల్లలకే ఇంత తేడా చూపిస్తే నేర్చుకునేవాడు ఏమైపోవాలి?

గుడిదీర్ఘం కూడా అన్నిచోట్లా గట్టెక్కించదు. ప్రొటీన్, కెఫీన్‌లలో దీర్ఘమే పలుకుతుంది, ‘సీ’ లేదు, అయినా ‘ఈ’ ముందుంది. ఇవి రసాయన శాస్త్రం కోసం అతికించి తయారుచేసిన పేర్లు. ‘ఈ’ ముందు ముక్కది, ‘ఐ’ వెనక ముక్కది. పాలసీ బహువచనంలో చివరి ‘వై’ పోయి ‘ఐ’ వచ్చింది, అది వేరే రూల్ పని. ‘ఐదర్’ అని పలికేవారికి ఇబ్బంది లేదు, ‘ఈదర్’ అనేవారికి అదొక మినహాయింపు. స్పీషీస్‌కు మాత్రం నా దగ్గర కిటుకు లేదు, బట్టీ పట్టాల్సిందే.

నన్ను ఇప్పటికీ తికమక పెట్టేది సీజ్. పోలీసులు బండి సీజ్ చేశారంటాం, అందులో ‘ఈ’ ముందు. కోటను ముట్టడించడాన్నీ ఇంగ్లిష్‌లో సీజ్ అనే అంటారు, అందులో ‘ఐ’ ముందు. తెలుగులో రాస్తే రెండూ ఒక్కటే, గుడిదీర్ఘంతో సహా. ముట్టడి రూల్ ప్రకారమే నడుస్తుంది, జప్తు నడవదు. అక్కడికొచ్చేసరికి నాకు మళ్లీ ఎర్ర గీతే దిక్కు. పైగా రెండూ నిఘంటువులో ఉన్న మాటలే కాబట్టి ఒకదాని బదులు ఇంకోటి కొట్టినా ఆ గీత పడకపోవచ్చు.