ప్రాథమిక పాఠశాల ఇనుప బీరువా గారికి

మహారాజశ్రీ ఇనుప బీరువా గారి సముఖానికి,

నల్లగొండ జిల్లాలో, దేవరకొండకు పోయే తోవలో ఉన్న ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో పదకొండేళ్ల పాటు మీ తాళం చెవిని మొలతాడు కంటే భద్రంగా కాపాడిన విశ్రాంత ఉపాధ్యాయుడు విన్నవించుకునేది ఏమనగా, తమరు క్షేమంగా ఉన్నారని తెలిసి సంతోషించాను. మొన్న పింఛను పని మీద అటు వెళ్లినప్పుడు కిటికీలోంచి చూశాను. అదే బూడిద రంగు, అదే సొట్ట, తలుపు మీద తెల్ల పెయింటుతో రాసిన అదే ‘గ్రంథాలయము’ అన్న మాట. మీ ముందు కూర్చున్న పిల్లలు మారిపోయారు గానీ మీరు మాత్రం మారలేదు.

మీ వైభవం నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. రెండు గదుల్లో ఐదు తరగతులు కూర్చునే బడి అది. వానాకాలంలో పైకప్పు కారినప్పుడు మూడో తరగతి వాళ్లను నాలుగో తరగతి వాళ్ల మధ్యలోకి జరిపాము, మిమ్మల్ని మాత్రం నలుగురు మనుషులం పట్టి పొడి గోడకు చేర్చాము. పిల్లలు తడిస్తే ఆరతారు, పుస్తకాలు తడిస్తే లెక్క చెప్పాలి కదా!

విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. ప్రతి పాఠశాలలో గ్రంథాలయం ఉండాలని, అందులో వార్తాపత్రికలు, మాసపత్రికలు, కథల పుస్తకాలతో సహా అన్ని విషయాల పుస్తకాలు ఉండాలని దాని షెడ్యూలులో రాసి ఉంది. ‘ఉండాలి’ అన్న మాటను మనం తు.చ. తప్పకుండా పాటించాము. ఏటా బడి వివరాలు సర్కారుకు పంపే యూడైస్ ఫారంలో గ్రంథాలయం ఉన్నదా అని అడిగిన ప్రతి ఏడూ ‘ఉన్నది’ అని రాశాను, ఎన్ని పుస్తకాలు అంటే 312 అని రాశాను. ఆ రెండు జవాబుల్లోనూ అబద్ధం లేదు. మీ తలుపు ఎన్నిసార్లు తెరుచుకుందో ఎవరూ అడగలేదు కాబట్టి నేను అబద్ధమాడే అవసరమూ రాలేదు.

నేను బడి బాధ్యతలు తీసుకున్న రోజు మీకు గుర్తుండే ఉంటుంది. అప్పటి ప్రధానోపాధ్యాయులు నాకు సుద్దముక్కల డబ్బాలు, మధ్యాహ్న భోజనం బియ్యం నిల్వ, గుడ్ల లెక్క, రెండు విరిగిన కుర్చీలు అప్పగించి, చివరగా మీ ముందుకు తీసుకొచ్చారు. స్టాకు రిజిస్టరు చేతిలో పట్టుకొని ఒక్కొక్క పుస్తకాన్ని పేరు పెట్టి పిలుస్తుంటే నేను అట్ట చూసి ‘ఉంది’ అని పలికాను. సాయంత్రానికి తేలింది, ఒకటి తక్కువ. వెల పద్దెనిమిది రూపాయలు. ఎవరో పిల్లవాడు ఇంటికి పట్టుకుపోయి ఉంటాడని ఆయన సిగ్గుపడి, జేబులోంచి పద్దెనిమిది రూపాయలు తీసి బల్ల మీద పెట్టారు. ఆ నాణేల చప్పుడే నాకు ఉద్యోగంలో దొరికిన అసలు శిక్షణ. పుస్తకం చదివించిన ఉపాధ్యాయుడికి నష్టం రావచ్చు, చదివించని వాడికి పైసా నష్టం ఎన్నడూ రాదు. రిజిస్టరులో వరుస సంఖ్యకు గడి ఉంది, వెలకు గడి ఉంది, వచ్చిన తేదీకి గడి ఉంది, ‘చదివినవారు’ అని గడి లేదు. మరునాడే మీకు కొత్త తాళం కొన్నాను.

జారీ రిజిస్టరు సంగతి కూడా మనిద్దరికే తెలుసు. తనిఖీ అని కబురు వచ్చిన రాత్రి, ఏడాది మొత్తం పుస్తకాలు ఇచ్చినట్లు, తీసుకున్నట్లు ఒక్క కూర్చుడులో, ఒకే పెన్నుతో రాసేవాణ్ని. ఒకసారి అలా రాస్తూ రాస్తూ ఒక ఆడపిల్లకు మూడు పుస్తకాలు ఇచ్చేశాను. ఆమె తల్లిదండ్రులు దసరా తర్వాత ఆమెను వెంటబెట్టుకొని ఇటుక బట్టీ పనికి పట్నం పోయి అప్పటికి నాలుగు నెలలు. వచ్చిన అధికారి ఆ పేజీ మీద చక్కగా సంతకం చేశారు. ఆ పాప మూడింటినీ సకాలంలో తిరిగి ఇచ్చినట్లు కూడా రాసి ఉంది, మీరు కావాలంటే చూసుకోవచ్చు, రిజిస్టరు మీ లోపలే, రెండో అరలో ఉంది.

ఇక మేక సంగతి. ఈ ఉత్తరం రాయించింది అదే.

చదువు మీద ఏదో కార్యక్రమం మొదలైన వారం అది. పిల్లలు పుస్తకాలు చదువుతున్న ఫొటోలు మా కాంప్లెక్సు, అంటే చుట్టుపక్కల బడుల సముదాయం, వాట్సాప్ గ్రూపులో పెట్టాలని కబురు వచ్చింది. మీ తలుపు తెరిచాను, కీచుమని పెద్ద చప్పుడు చేశారు. బొమ్మల పుస్తకాలు ఏరి, పిల్లలను వరండాలో గుండ్రంగా కూర్చోబెట్టి, తలా ఒకటి ఇచ్చి నాలుగు ఫొటోలు తీశాను. తీసి, పుస్తకాలు తిరిగి లెక్కపెట్టుకుంటుంటే ఒకడు ఇవ్వలేదు. మూడో తరగతి పిల్లవాడు, పాఠ్యపుస్తకంలో వాక్యం చదవమంటే గోడ వైపు చూసేవాడు. వాడి చేతిలో పదహారు పేజీల పుస్తకం, పేజీకి ఒక వాక్యం, ఒక మేక వాగు దాటాలని ఒడ్డున నిలబడి ఉంది. వాడు వేలు పెట్టి ‘మ కు ఏత్వమిస్తే మే’ అని లోలోపల గొణుక్కుంటూ, ఒక్కో అక్షరాన్ని రాయి దొర్లించినట్లు దొర్లిస్తున్నాడు.

“ఫొటో అయిపోయింది బిడ్డా, పుస్తకం ఇయ్యి” అన్నాను.

“జరంత ఆగుండ్రి సార్, ఇంకా నాలుగు పేజీలే ఉన్నయ్” అన్నాడు.

లోపల అన్నం గంట కొట్టారు. పుస్తకం వాడి చేతిలోంచి తీసి మీ లోపల పెట్టి తాళం వేశాను. వారం దాకా వాడు నా వెంట పడి “సారూ, ఆ మేక ఏమైంది సార్?” అని అడిగాడు. రేపు చెప్తానన్నాను. నాకు మేక ఏమైందో తెలియదు. ఆ 312 పుస్తకాల పేర్లు, వెలలు అన్నీ నాకు నోటికి వచ్చు, లోపల ఏముందో ఒక్కటీ తెలియదు. తాళం మీకొక్కరికే వేశానని ఇన్నాళ్లూ అనుకున్నాను.

ఆ పిల్లవాడు మొద్దు కాదని నాకు అప్పుడే తెలియవలసింది. మా తరగతిలో చదవడం అంటే ఒకరు చెప్పడం, నలభై గొంతులు తిరిగి చెప్పడం. మూడు రోజులకు పాఠం అందరికీ కంఠస్థం అవుతుంది. తలుపు దగ్గర నిలబడి వింటే సరస్వతీదేవి నాట్యమాడుతున్నట్లే ఉంటుంది. పేజీ మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే సగం మంది మొదటి వాక్యం నుంచి పాడుకుంటూ వచ్చి అక్కడ ఆగుతారు. తెలుగు లిపి ముద్దుగా ఉంటుంది గానీ దయగలది కాదు. వర్ణమాల వచ్చినంత మాత్రాన చదువు రాదు, తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, ఆపైన ఒత్తు, ఇవన్నీ కంటికి అలవాటు కావాలి. ఒక్కో అక్షరాన్ని కూడబలుక్కునే పిల్లవాడు వాక్యం చివరికి చేరేసరికి మొదలు మరిచిపోతాడు. అలవాటు కావడానికి మందు ఒక్కటే, తేలిక మాటలున్న వాక్యాలు వందల కొద్దీ కళ్ల ముందు నుంచి పోవాలి. పాఠ్యపుస్తకం ఒక్కటే అన్ని వాక్యాలు ఎక్కడి నుంచి తెస్తుంది? అవి మీ కడుపులో ఉన్నాయి.

ఇంట్లో చదువుకుంటారులే అని అనేవారు మా ప్రాంతాన్ని ఎరగనివారు. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి నల్లగొండ జిల్లా అక్షరాస్యత 64.20 శాతం, పక్కనున్న ఉమ్మడి మహబూబ్‌నగర్ 55.04 శాతం. పత్తి ఏరే రోజుల్లో తల్లి పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకు వస్తుంది. ఇంట్లో అచ్చు అక్షరం అంటే గోడ మీది క్యాలెండరు, సందుగలోని పట్టాదారు పాసుపుస్తకం, సబ్బు మీది కాగితం. దేవరకొండ, చందంపేట, డిండి వైపు తండాల పిల్లలకైతే ఇంట్లో మాట లంబాడీ, తెలుగు బడికి వచ్చాకే పరిచయం. ఆ పైన 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం వచ్చి, పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు అయింది. ఇంతమందికి కలిపి ఊళ్లో కథల పుస్తకాలు దొరికే చోటు ఒక్కటే, అది మీరు.

సర్కారు ఊరుకున్నదనడం అన్యాయం. మూడో తరగతి పూర్తయ్యేసరికి ప్రతి పిల్లవాడికీ చదవడం, రాయడం, కూడికలు తీసివేతలు రావాలని కేంద్రం 2021 జులై 5న నిపుణ్ భారత్ మొదలుపెట్టి, 2026-27ను గడువుగా పెట్టుకుంది. మన రాష్ట్రం అదే దారిలో 2022 ఆగస్టు 15న తొలిమెట్టు మొదలుపెట్టింది. సమగ్ర శిక్ష అనే కేంద్ర పథకం కింద ప్రాథమిక పాఠశాల గ్రంథాలయానికి ఏటా ఐదు వేల రూపాయల వరకు ఇచ్చే ఏర్పాటు ఉంది. పిల్లల చదువు స్థాయిని కొలిచే అసర్ సర్వేవారు ఇళ్లకు వెళ్లి రెండో తరగతి స్థాయి కథను చదివించి చూస్తే, గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో 2022లో 20.5 శాతం, 2024లో 27.1 శాతం మంది చదవగలిగారు. పెరిగిందని చప్పట్లు కొట్టవచ్చు, నేనూ కొట్టాను. మిగిలిన డెబ్భై రెండు మంది చిల్లర సంగతి తలుచుకొని మధ్యలో ఆపాను.

మీకు చరిత్ర కూడా కొంత తెలియాలి, ఎంతైనా గ్రంథాలయమన్న బిరుదు మోస్తున్నవారు. నిజాం కాలంలో సొంతంగా బడి పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి, సభ పెట్టాలంటే అనుమతి కావాలి. ఆ నిజాం రాజ్యంలోనే 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టింది. 1922లో మన నల్లగొండ నుంచే షబ్నవీసు వెంకట రామనరసింహారావు గారు ‘నీలగిరి’ పత్రికను నడిపారు. తెలుగు చదవాలనుకునే వారికి అడ్డం వచ్చింది పాలకులు, తోవ తీసింది గ్రంథాలయం. ఇప్పుడు అడ్డం పెట్టేవారు ఎవరూ లేరు కాబట్టి ఆ లోటు మీరూ నేనూ కలిసి తీర్చాము. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారి రంగనాథన్ గారు 1931లో గ్రంథాలయాలకు ఐదు సూత్రాలు చెప్పారు. మొదటిది, పుస్తకాలు ఉన్నది వాడడానికే అని. పూర్వం ఐరోపాలో పుస్తకాలను అరలకు గొలుసులతో కట్టివేసేవారని ఆయన నవ్వుతూ గుర్తుచేశారు. ఆ గొలుసుకు కూడా ఒక మర్యాద ఉండేది, పుస్తకాన్ని అక్కడే నిలబడి చదువుకోనిచ్చేది. మీరు దాన్ని మించారు.

మీకు కోపం తెప్పించే ముచ్చట ఒకటి చెప్పి ముగిస్తాను. మా కాంప్లెక్సులోనే ఒక తండా బడిలో ఒక టీచరమ్మ ఉండేవారు. ఆవిడ బీరువాలోంచి పుస్తకాలు తీసి, గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు కొబ్బరి తాడు కట్టి, బట్టలు ఆరేసినట్లు వాటిని దాని మీద వేశారు. ఖాళీ బీరువాలో బియ్యం బస్తా పెట్టారు. మీ వంశానికి ఎంత అవమానం! పుస్తకాలు ఇంటికి కూడా పోయేవి. చదవడం రాని తల్లులకు ఆవిడ చెప్పింది ఒక్కటే, “అన్నం వండుకుంటూ వినండి, తర్వాత ఏమైందని అడగండి, చాలు” అని. ఒక నాయినమ్మ మాత్రం విని ఊరుకోక, మనుమరాలు చదివిన నక్క కథ తప్పని, అసలు శాత్రం (కథ) వేరే ఉందని చెప్పిందట. టీచరమ్మ ఆ నాయినమ్మ శాత్రాన్ని పిల్లతోనే చార్టు మీద రాయించి అదే తాడుకు వేలాడదీశారు. బతుకమ్మ పాటలు కూడా అలాగే చార్టులకు ఎక్కాయి, నోటికి వచ్చిన పాట కాబట్టి ఏ మాట ఎక్కడుందో పిల్లలు పందెం వేసి వెతికేవారు. ఏడాది తిరిగేసరికి సగం పుస్తకాల అట్టలు ఊడాయి, కొన్నింటికి కూర మరకలు అంటుకున్నాయి, తొమ్మిది కనబడలేదు. ఆవిడ స్టాకు రిజిస్టరులో రిమార్కుల గడిలో వరుసగా ‘చదివి చిరిగినది’, ‘చదివి చిరిగినది’ అని రాసుకుంటూ పోయారు. సమావేశంలో ఆ రిజిస్టరు చూసి అందరం నవ్వాము. అందరికంటే గట్టిగా నవ్వింది నేను. నా పుస్తకాల మీద గీత కూడా పడలేదని మెచ్చుకోలు పొందింది కూడా నేనే.

పదవీ విరమణ రోజు అసలు తాళం చెవిని కొత్తవారికి అప్పగించి సంతకం తీసుకున్నాను. నకలు ఒకటి ఇంట్లో గూట్లో మిగిలిపోయింది. దాన్ని తీసుకొని సోమవారం పొద్దున ప్రార్థన అయ్యాక వస్తున్నాను, ఇప్పటి ప్రధానోపాధ్యాయురాలితో మాట్లాడుకున్నాను, కొబ్బరి తాడు కూడా కొన్నాను. తొమ్మిదో పదో పోతే కట్టడానికి కొంత చిల్లర కూడా తెస్తున్నాను. మీ బందులు తుప్పు పట్టి ఉంటాయి కాబట్టి సీసాలో నూనె తెస్తాను, దయచేసి మొరాయించకండి. ఆ మేక పుస్తకం కింది అరలో, ఎడమ పక్కన, నీతి కథల కట్ట వెనుక ఉండాలి. ఆ పిల్లవాడు ఇప్పుడు కొండమల్లేపల్లి అడ్డా మీద ఆటో నడుపుతున్నాడు. మొన్న ఎక్కినప్పుడు నన్ను గుర్తుపట్టి డబ్బులు తీసుకోలేదు, మేక సంగతి అడగలేదు. పుస్తకం దొరికిన వెంటనే చివరి నాలుగు పేజీలు ముందు నేను చదువుకుంటాను.

ఇట్లు,
తమ పూర్వ తాళం చెవిదారు