కొంగజపం

ఫ్రాన్స్ సరిహద్దు ఊరు స్ట్రాస్‌బర్గ్‌లో మొత్తం ఏడు కొంగలున్నాయి. ఈ సంగతి మా పిల్లల చేతిలో పెట్టిన రంగుల కాయితం చెప్పింది. "పిల్లలకు నగర పరిచయం" అని డబ్బు కట్టించుకుని గైడమ్మ ఇచ్చింది ఆ కాయితమే. ఊరంతా తిరిగి ఏడు కొంగలు పట్టుకుంటే ఏడు స్టిక్కర్లు, చివర్లో ఓ అల్లం బిస్కెట్టు. రెండు వేల ఏళ్ళ ఊరు పిల్లలకు పరిచయమైపోయినట్టే.

మొదటి కొంగ కేథడ్రల్ ఎదురుగా, దుకాణం అద్దంలో ఉంది. ఆ కేథడ్రల్ శిఖరం 142 మీటర్లు. 1647 నుంచి 1874 దాకా ప్రపంచంలో దాన్ని మించిన ఎత్తయిన కట్టడం లేదు. మా నాలుగు తెలుగు కుటుంబాల పిల్లలూ దానికి వీపు చూపించి, అద్దానికి ముక్కులు ఆనించి దూది కొంగను వెతుకుతున్నారు.

రెండోది పెతీత్ ఫ్రాన్స్ పేటలో. అంటే చిన్న ఫ్రాన్స్. ముద్దుగా ఉంటుంది కాబట్టి ఆ పేరు వచ్చిందట! అసలు అక్కడ సిఫిలిస్ రోగుల ఆసుపత్రి ఉండేది. జర్మన్లు ఆ జబ్బును "ఫ్రెంచి రోగం" అనేవాళ్ళు, పేటకు పేరు అలా అంటుకుంది. మన ఆయుర్వేదం కూడా తక్కువ తినలేదు, ఫిరంగి రోగం అంది. రోగం ఎప్పుడూ పక్కోడిదే. సరే, సుఖరోగాల గురించి ఎనిమిదేళ్ళవాడికి చెప్పమని నేనూ అనను. కానీ అబద్ధం చెప్పమని ఎవరన్నారు?

ఇక వంతెన. రైన్ నది మీద 2004లో కట్టిన కాలినడక వంతెన. ఇటు ఫ్రాన్స్, అటు జర్మనీలోని కేల్ పట్టణం. మా మిత్రుడికి ఇక్కడే పూనకం వచ్చింది. కొడుకు ఒక కాలు ఫ్రాన్స్‌లో, ఒక కాలు జర్మనీలో వేసి నిలబడాలి, ఫొటో తియ్యాలి. గీత ఎక్కడుందో కనపడదు. ఫోన్లో మ్యాపు తెరిచాడు.

"కన్నా, రెండడుగులు వెనక్కి. ఆగు ఆగు, చుక్క జరిగింది. ముందుకు రా."

"నాన్నా, ఇప్పుడు ఎక్కడున్నాను?"

"జర్మనీలో. కాదు, నీ ఎడమ చెయ్యి ఫ్రాన్స్‌లో ఉంది. కాళ్ళు ఇంకొంచెం ఎడంగా పెట్టు."

పావుగంట గడిచింది. సైకిళ్ళవాళ్ళు గంటలు కొట్టి పక్కనుంచి పోతున్నారు. చివరికి పిల్లాడు కాళ్ళు దగ్గరికి ముడుచుకుని, "నాన్నా, ఒంటికి వస్తోంది. ఏ దేశంలో పోయాలి?" అన్నాడు. ఆ రోజు సరిహద్దు గురించి అడిగిన తెలివైన ప్రశ్న అదొక్కటే. జవాబు చెప్పేవాడు లేక ఇద్దరూ కేల్ వైపు పరిగెత్తారు.

"సరిహద్దు అంటే ఏమీ లేదు పిల్లలూ, ట్రామ్ ఎక్కితే అటు, దిగితే ఇటు" అంది గైడమ్మ. ఇప్పుడున్న ట్రామ్ అటు పోవడం మొదలైంది 2017లో. అంతకుముందు? 1870లో ఈ ఊళ్ళో పుట్టిన పిల్ల ఫ్రాన్స్ పిల్ల. ఏడాది తిరక్కుండా జర్మనీ పిల్ల. మొదటి యుద్ధం అయ్యాక ఫ్రాన్స్, 1940లో జర్మనీ, 1944లో మళ్ళీ ఫ్రాన్స్. గడప దాటకుండా నాలుగుసార్లు దేశం మారింది ముసలమ్మకి!

పిల్లలకు ఇవన్నీ బరువట. ఎవరికి బరువండీ? నాజీల కాలంలో బడికెళ్ళిన పిల్లల నోట ఫ్రెంచి మాట రాకూడదన్నారు, తల మీద ఫ్రెంచివాళ్ళ బెరే టోపీ ఉండకూడదన్నారు, ఝాన్ అనే పేరు పీకేసి హాన్స్ అని పెట్టారు. యుద్ధం ముగిశాక అదే బడిలో ఇంట్లో మాట్లాడే అల్సేషియన్, అంటే ఇక్కడి జర్మన్ యాస, మాట్లాడితే శిక్ష. 1942 నుంచి ఈ ఊరున్న అల్సాస్ ప్రాంతంలో దాదాపు లక్షమంది కుర్రాళ్ళకు బలవంతంగా జర్మన్ యూనిఫాం తొడిగి, ఎక్కువమందిని రష్యా వైపు తోలారు. పదిహేడేళ్ళవాళ్ళూ ఉన్నారు అందులో. పారిపోతే అమ్మానాన్నల్ని బండెక్కించి ఊరు దాటించేవారు. ఆ పిల్లలు మొయ్యలేదా? మోసినవాళ్ళ కథ వినడానికి మీ పిల్లల చెవులు నొప్పి పుడతాయా? సిగ్గుండాలి. దూది కొంగ కొనిపించడానికి మాత్రం వాళ్ళకు వయసు వచ్చేసిందా?

రిపబ్లిక్ కూడలిలో 1936 నాటి విగ్రహం ఒకటుంది. తల్లి, చచ్చిపోతున్న ఇద్దరు కొడుకులు. ఒకడు ఫ్రాన్స్ వైపు, ఒకడు జర్మనీ వైపు పోరాడినవాడు. ఒంటి మీద యూనిఫాం లేదు. కింద "మా మృతులకు" అని మాత్రం చెక్కారు. ఏ దేశం కోసం పోయారో రాయలేదు, రాయలేరు. అక్కడ కొంగ లేదు కాబట్టి మా బృందం ఆగలేదు. నేనూ మా అమ్మాయీ ఆగాం.

అది విగ్రహం చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "వీళ్ళలో జర్మనీ అబ్బాయి ఎవరు నాన్నా?" అంది.

"నువ్వే చెప్పు" అన్నాను.

ఇంకోసారి తిరిగింది. ఇంకా చూస్తూనే ఉంది. ఈలోగా గైడమ్మ దూరం నుంచి చప్పట్లు కొట్టి పిలిచింది. టైమైపోయింది. మా అమ్మాయి కాయితంలో రెండు కొంగలు తక్కువ పడ్డాయి. బిస్కెట్టు ఇవ్వలేదు.