అక్వేరియం మీద ఫ్లాష్ కొట్టొద్దండీ!

కంటికి నిగనిగలాడే నారింజ రంగులో కనిపించే క్లౌన్ ఫిష్, ఫోన్‌లో మాత్రం నీలిమందులో ముంచి తీసినట్టు వస్తుంది. అక్వేరియంలోని నీలి లైటు తీసేద్దామా అంటే అందులోని పగడాలకు అదే ప్రాణం. 450 నానోమీటర్ల దగ్గరి ఆ నీలి వెలుగును వాటిలో బతికే నాచు బాగా పీల్చుకుంటుంది. పోనీ, కాసేపు తెల్ల లైటు పెంచి, కెమెరా వాలకుండా అద్దానికి సూటిగా పట్టి, షటర్ వేగం సెకనులో 1/200 వంతు పెడితే ఫొటో చీకటి. వేగం తగ్గిస్తే తోక అలుక్కుపోతుంది. అన్నీ కుదిరేసరికి అది రాయి చాటుకు పోతుంది!

చేపనేమీ అనలేం. నా బాధంతా ఇంటికొచ్చేవాళ్లతోనే. ఎంత చెప్పినా ఫ్లాష్ కొడతారు, అద్దం మీద టకటకా తడతారు. ఫొటోలో మిగిలేది తెల్లటి మచ్చ. చేపేమో బెదిరిపోయి మేత కూడా ముట్టదు. ఫొటో కావాలంటే నన్నడగండి, నేనే తీసిస్తాను. దాన్ని మాత్రం హడలగొట్టకండి.