గుంత పూడ్చేముందు నీటి సంగతి చూడండి

వాన కాస్త తెరిపివ్వగానే హైదరాబాద్ రోడ్ల మీదికి ట్రాక్టర్ వస్తుంది. నీళ్లు నిలిచిన గుంతలోనే నాలుగు పారల తారు కంకర పోసి, పార వెనకతో తట్టి వెళ్లిపోతారు. మరుసటి వానకు ఆ కంకరంతా రోడ్డున పడి, టూ వీలర్ల కింద జారుతుంది. దీన్ని మరమ్మతు అని లెక్కల్లో రాసుకోవడం మన ఇంజినీరింగ్ విభాగాలకు అలవాటైపోయింది.

తారురోడ్డును లారీ కంటే ముందు దెబ్బతీసేది నిలిచిన నీరు. సన్నని పగుళ్లలోంచి దిగి, కంకరకూ తారుకూ మధ్య పట్టు విడదీస్తుంది. అడుగు పొర మెత్తబడ్డాక పైన చక్రం పడిన ప్రతిసారీ లోపలి మట్టి బురదై పైకి చిమ్ముతుంది. అందుకే రోడ్డుకు మధ్య నుంచి అంచుకు రెండు, రెండున్నర శాతం వాలు ఉండాలంటారు. మూడున్నర మీటర్ల లేన్‌కు అంచు 7 నుంచి 9 సెంటీమీటర్లు పల్లంగా ఉండాలన్న మాట.

ప్యాచ్ వేయడానికీ పద్ధతి ఉంది. గట్టి అంచు తగిలేదాకా గుంతను నలుచదరంగా, నిట్టనిలువుగా కోయాలి. తడి, వదులు మట్టి తీసి అడుగుకూ పక్కలకూ పల్చగా ఎమల్షన్ (నీటిలో కలిపిన తారు) పూయాలి. లోతుంటే రెండు పొరలుగా నింపి, పొరపొరకూ అదిమే యంత్రం (కంపాక్టర్) నడపాలి. వేడిగా పోయాల్సిన తారు కంకర (హాట్ మిక్స్) చల్లారిపోయాక ఎంత తొక్కినా బిగుసుకోదు. వానాకాలంలో వాడడానికి, వేడి చేయకుండానే వేసే కోల్డ్ మిక్స్ ఉండనే ఉంది.

అసలు కథ రోడ్డు మీద రోడ్డు వేయడంలో ఉంది. పాత పొరను యంత్రంతో గీకి తీయకుండా (మిల్లింగ్ చేయకుండా) 4 సెంటీమీటర్ల చొప్పున నాలుగుసార్లు వేస్తే 16 సెంటీమీటర్లు. కాలిబాట రాయి సాధారణంగా ఉండే ఎత్తే దాదాపు అంత! రాయి మాయమవుతుంది, వాన నీరు దిగే గుంట (క్యాచ్‌పిట్) మీది జాలీ తారు కింద పడుతుంది, ఇళ్ల గేట్లు పల్లమవుతాయి. వీధిలో నీళ్లు వరండాలోకి రాక ఎక్కడికి పోతాయి?

కుండపోతకు ఏ డ్రైనేజీ తట్టుకుంటుందంటారు. 2000 ఆగస్టులో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడిన మాట నిజమే. మరి రెండు సెంటీమీటర్లకే అదే మూలమలుపులో మోకాలి లోతు నీళ్లెందుకు? ఆ వరద తర్వాత నగర నాలాలను పరిశీలించిన కిర్లోస్కర్ కమిటీ వాటిని బాగుచేయాలని 2003లోనే చెప్పింది. నాలాలను బాగుచేసే ఎస్‌ఎన్‌డీపీ పథకం రావడానికి 2020 అక్టోబరు వరద కావాల్సి వచ్చింది.

ఇంత ఆలస్యం ఎందుకంటే, పూడికతీతకు శిలాఫలకం ఉండదు. కొత్త తారుకు రిబ్బన్ కటింగ్, ఫొటో, మీటర్లలో బిల్లు ఉంటాయి. నాలాలో తీసిన మట్టికి ట్రిప్పుల లెక్కే బిల్లు. ఆ మట్టిని గట్టునే కుప్పపోస్తే తొలి వానకే మళ్లీ లోపలికి జారుతుంది, వచ్చే ఏడాది అదే మట్టికి ఇంకో బిల్లు! పారిన నీటికి కాకుండా పోసిన తారుకూ ఎత్తిన మట్టికీ డబ్బులిచ్చే పురపాలన ఇది.

లెక్క మార్చాలి. పూడికకు ముందు, తర్వాత నాలా అడుగు మట్టాలు కొలిచి ఆ తేడాకే చెల్లించాలి. కొత్త రోడ్డుకు చివరి విడత బిల్లు ఒక వానాకాలం దాటాక, క్యాచ్‌పిట్ దగ్గర నీళ్లు ఎంతసేపు నిలిచాయో చూసి ఇవ్వాలి.