మ్యాకా, విండోసా? ఏదో ఒకటి తేల్చండ్రా బాబూ
తమ్ముడికి లాప్‌టాప్ కొనాలని నలుగురిని అడగడమే పాపం, తలా ఒక మాట. మ్యాక్ కొనెయ్, ఇక టెన్షన్ ఉండదంటాడొకడు. సరే, ఇప్పటి మ్యాక్‌బుక్‌లో ర్యామ్ తర్వాత పెంచుకునే వీల్లేదు, ఎంత కావాలో కొనే రోజే జాతకం చూసి చెప్పాలి, పైగా మనవాడు బీకాం, రేపు ట్యాలీ అనే అకౌంట్ల సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలంటే అదేమో విండోస్ కోసం చేసింది. పోనీ విండోసే అనుకుంటే, బానే నడిచే పాత సిస్టమ్‌లని కూడా టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ ఫీచర్ లేదని విండోస్ 11లోకి రానివ్వరు, విండోస్ 10కేమో 2025 అక్టోబర్ 14తో మామూలు సపోర్ట్ ఆపేశారు. లినక్స్ వేసుకో అన్నా, ఫ్రీ అని ఇంకొకడు. ఒరేయ్, వాడికి ప్రింటర్ కలపడమే రాదు! షాపువాడికి ఇవేవీ పట్టవు, బ్యాగూ మౌసూ ఫ్రీ అంటూ స్టాకులో మిగిలిపోయిందే అంటగట్టాలని చూస్తాడు.